వేగుచుక్క

మిరపకోతలు మొదలైతే మా పల్నాటి ఊళ్లలో కోడి కన్నా ముందు ఆటో కూస్తుంది. “ఎక్కండమ్మా, వేగిరం ఎక్కండి!” తూర్పున వేగుచుక్క అప్పుడే పొడిచి ఉంటుంది, రెప్ప అంచున నిలిచిన బొట్టులా. ముగ్గురు పట్టే బండిలో పద్నాలుగు మంది. ఒళ్లో సద్ది క్యారేజీలు, నెత్తికి తువ్వాళ్లు, వేళ్లలో నిన్నటి కాయల మంట. మా పెద్దమ్మ ఎప్పుడూ బండి వెనకాలే కూర్చునేది, కాళ్లు బయటకు వేలాడేసి, ముఖం వెనక్కి పెట్టి. లోపల ఊపిరాడదనేది.

వేగమా, మా తెలుగులో నీకెన్ని చుట్టరికాలు! చీకటిని చీల్చుకొచ్చే చుక్క వేగుచుక్క. పగవాడి విడిదిలో నీడలా తిరిగొచ్చేవాడు వేగులవాడు. మూకుట్లో మిరపకాయ పడే బాధ వేగడం. అప్పునూ ఆకలినీ తాగొచ్చిన మొగుణ్నీ ఓర్చుకోవడమూ వేగడమే. ఈ మాటలన్నీ ఒక్క తల్లి బిడ్డలేనా అన్నది పండితులు తేల్చుకోనీ. “ఈ బతుకుతో వేగలేనురా” అని పెద్దమ్మ అన్నప్పుడల్లా నాకు మాత్రం కాగిన నూనె వాసన కొట్టేది.

వడి అంటే ఈ నేలకు కొత్త కాదు. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక 70 అడుగులు దూకుతుంది. దూకి, మడుగులో కాసేపు ఊపిరి తీసుకుని, మెల్లగా కృష్ణమ్మ ఒడి చేరుతుంది. పల్నాటి యుద్ధాన కారెంపూడిలో బాలచంద్రుడిదీ దూకుడే. కానీ 12వ శతాబ్దంలో కత్తులు ఆదరాబాదరాగా చేసిన పనికి పల్నాడు ఇప్పటికీ తీరుబడిగా ఏడుస్తుంది. కార్తీక అమావాస్య నుంచి 5 రోజుల వీరారాధన: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఒక్కో గాయానికి ఒక్కో రోజు!

మా పెద్దమ్మకు ఒక్క రోజైనా దక్కలేదు.

ఒక మాఘమాసపు తెల్లవారుజామున మలుపులో బండి బోల్తా పడింది. డ్రైవరుకు పక్కూరి కూలీలను కూడా దించిరావాలన్న తొందర. కూలీలకు ఎండెక్కకముందే బస్తాలు నింపాలన్న తొందర. ఆసామికి ధర పడిపోకముందే సరుకు గుంటూరు యార్డుకు చేర్చాలన్న తొందర. ఎవరి తొందర వాళ్లకు న్యాయమే. అన్నీ కలిసి ఒక బక్కప్రాణం మీద పడ్డాయి. రోడ్డు వార దొరికిన క్యారేజీ మూత కూడా ఊడలేదు. తీస్తే అన్నం వెచ్చగా ఉంది. గోంగూర పచ్చడి మీద, అదిమిన చోట, ఆమె బొటనవేలి గుర్తు.

మూడో నాటికే అదే చేలో కోత మొదలైంది. పండిన కాయ ఎవరి కోసమూ ఆగదన్నారు. అయ్యో, ఎర్రగా నవ్వే చేను! అయ్యో, కల్లం నిండా పరిచిన నెత్తుటి తివాచీ! నీ ఎరుపులో ఆమెది ఎంత?

శివరాత్రికి కోటప్పకొండ ప్రభలంటే ఆమెకు ప్రాణం. మింటినంటే వెదురు ప్రభ, మెడ వంచిన ఎడ్లతో, ఏనుగులా అడుగడుగూ ఆగి ఆగి కదిలే ఆ నడక. “దేవుడి దగ్గరికి పోయేది అట్టా పోవాల” అనేది. ఎడ్ల చోటికి ట్రాక్టర్లు వచ్చినా ఆమె కన్నులకు ఎడ్లే కనిపించేవి. ఆ కొండ గొల్లభామ ఆనందవల్లి కథ చెప్పేది. వెంట దిగి వస్తాను, వెనక్కి మాత్రం చూడకు అన్నాడట శివుడు. ఆనందవల్లి చూసింది. స్వామి అక్కడే ఆగి గుహలో లింగమైపోయాడు. “చూడకుండా ఎట్టా ఉంటదిరా? వచ్చేవాడు మనవాడైతే చూడమూ?” అనేది పెద్దమ్మ, గొల్లభామ తరఫున వకాల్తా పుచ్చుకుని.

ఈ ఏడూ కోతలొచ్చాయి. ఈ ఏడూ ఆటో కూస్తోంది. ఆ మలుపు దగ్గర డ్రైవరు హారన్ గట్టిగా కొడతాడు, లోపలివాళ్లు మాటలాపేస్తారు. వెనకాల కాళ్లు వేలాడేసి కూర్చున్న ఇద్దరు ముగ్గురు మాత్రం, ముఖం అటే కాబట్టి, మలుపు కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంటారు. దాని మీద వేగుచుక్క ఇంకా వెలుగుతూ ఉంటుంది.