తిరిగివచ్చిన వ్రాతప్రతి

పత్రికకు పంపిన వ్రాత అంగీకరింపబడక తిరిగివచ్చినపుడు రచయితకు కలుగు మనస్తాపము సామాన్యమైనది కాదు. కొందరు ఆ ప్రతిని పొయ్యిలో వేయుదురు. కొందరు సంపాదకుడు మూఢుడని నిందించి ఊరడిల్లుదురు. ఈ రెండును తప్పుదారులేయని మా అభిప్రాయము. దోషము వ్రాతలో నున్నదా, దానిని కొలిచిన కొలబద్దలో నున్నదా యని విచారించువారు అరుదు.

ఈ విచారణకు గురజాడ అప్పారావుగారి చరిత్రము మంచి పాఠము. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి మెప్పు పొందిన కన్యాశుల్కము 1897లో అచ్చయ్యెను. అంతటితో ఆయన తృప్తి పడియుండవచ్చును. అట్లు పడక, అయిదంకముల నాటకమును ఏడంకములుగా తిరుగవ్రాసి 1909లో రెండవ కూర్పును ప్రకటించిరి. నేడు మనము చదువునదియు, ఆడునదియు ఈ కూర్పే. లోకము మెచ్చిన వ్రాతను సైతము ఆయన తామే త్రోసిపుచ్చిరన్నమాట.

ఆ గురజాడవారే 1914లో వేరొక రీతిగా నడచిరి. విద్యార్థుల తెలుగు వచనమునకు ఏ భాష తగునను చర్చలో, మద్రాసు విశ్వవిద్యాలయ సంఘమున గ్రాంథికవాదులదే పైచేయి అయ్యెను. ఆయన తమ పక్షమును మార్చుకొనలేదు. అలిగి మౌనము వహింపనులేదు. తమ అసమ్మతిని హేతువులతో సుదీర్ఘపత్రముగా వ్రాసి సమర్పించిరి. 1915 నవంబరు 30న గతించిరి. గెలుపును కన్నులార చూడలేదు. నేడు పత్రికలన్నియు వాడుకభాషలోనే వెలువడుచున్నవి. ఇట్లు గ్రాంథికమున వ్రాయు మావంటివారమే అల్పసంఖ్యాకులమైతిమి.

కావున, దోషము వ్రాతలో నున్నచో తిరుగవ్రాయవలెను. కొలబద్దలో నున్నచో హేతువును వ్రాసియుంచి తన పని తాను సాగింపవలెను. ఏది యెక్కడనో తెలియుటెట్లు? ప్రతిని కొన్నాళ్లు పెట్టెలో నుంచి, పిమ్మట పరుల వ్రాత యనుకొని బిగ్గరగా చదివిన యెడల చాలవరకు తెలియును.

సంపాదకులకును మాదొక విన్నపము కలదు. ఇంటిపనుల నడుమ నాలుగు పుటలు వ్రాసికొను ఇల్లాలికి 'ఇవన్నియు నీకెందుకు?' అను మాట ఇంటనే సిద్ధముగా నుండును. కారణము చెప్పని తిరస్కారము ఆ మాటకు సాక్ష్యమగును. ఒక్క వాక్యమైనను కారణము వ్రాసి పంపుట మీ ధర్మము.

ఆ వాక్యము రాకపోయినను, అమ్మా, ప్రతిని మాత్రము పొయ్యిలో వేయకుడు.