వడ్డన బల్లను వెనక నుంచి చూసి కొనండి

పాత సామాన్ల కొట్టులో తళతళలాడే బల్ల కనిపిస్తే మనసు లాగేస్తుంది. కానీ ఆ మెరుపు నిన్న మొన్న పెట్టిన పాలిష్‌ది కావచ్చు. చేసిన వడ్రంగి పనితనం తెలియాలంటే బల్లను గోడ నుంచి జరిపి వెనక్కి వెళ్లాలి, కిందికి వంగి చూడాలి, సొరుగు ఉంటే లాగి తిరగేయాలి. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దంలో పుట్టిన సర్వింగ్ టేబుళ్లను ఎంచుకునే వారికి ఇదే మొదటి పాఠం.

అక్కడ 1721లో అమెరికా వలసల కలప మీద దిగుమతి సుంకం ఎత్తేశాక మహాగని విరివిగా వచ్చింది. వెడల్పాటి పలకలు దొరికేవి, నగిషీకి బాగా లొంగేది. 1760లలో వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ సంపన్నుల భోజనశాలల్లో గోడవారగా పొడవాటి వడ్డన బల్ల, దానికి అటూ ఇటూ రెండు దిమ్మెలు, వాటి మీద కలశాలు అమర్చాడు. కలశాల్లో నీళ్లు ఉండేవి. ఒక దిమ్మె లోపల తగరం పూత రేకు వేసి, పళ్లేలు వెచ్చగా ఉంచేవారు. ఇవన్నీ కలిసిపోయి, సొరుగులు, అరలు ఉన్న సైడ్‌బోర్డు 1780లలో వాడుకలోకి వచ్చింది. 1788లో వెలువడిన, ఫర్నిచర్ తయారీదారు హెపుల్‌వైట్ నమూనాల పుస్తకంలో ఈ రకాలన్నీ కనిపిస్తాయి.

అసలు వడ్డన బల్లకు తరచూ సొరుగులుండవు. నిలబడి వడ్డించేవారి కోసం కాబట్టి భోజన బల్ల కన్నా ఎత్తు ఎక్కువ, దాదాపు 34 నుంచి 36 అంగుళాలు. గోడకు ఆనే వెనక వైపును నునుపు చేయకుండా వదిలేసేవారు. అక్కడే చేతి రంపపు గీతలు తిన్నగా, సమానం కాని దూరాలతో కనిపిస్తాయి. విల్లులా వంగిన గీతలుంటే గుండ్రటి రంపంతో కోసినట్టే, అంటే 19వ శతాబ్దపు లేదా ఆ తర్వాతి పలక.

సైడ్‌బోర్డు సొరుగు మూలను దగ్గరగా చూడండి. చేత్తో కోసిన డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు అతుకు) పళ్లు ఒకదానికొకటి కొంచెం తేడాగా ఉంటాయి. ఎంత లోతుకు కోయాలో గుర్తుగా వడ్రంగి గీసుకున్న సన్నటి గీత పక్కనే మిగిలి ఉంటుంది. పళ్లన్నీ అచ్చుగుద్దినట్టుంటే యంత్రం పని. 1840ల మధ్య వరకు స్క్రూల కొన మొద్దుగానే ఉండేది, తల మీది గాడి పక్కకు జరిగి ఉండేది. గుండ్రటి పైపలకను రెండు దిక్కులా కొలవండి. చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది కాబట్టి, నిజంగా పాతదైతే కొలతలు కలవవు. కాళ్లొక బల్లవి, పలకొక బల్లది అయితే కింద పాత రంధ్రాలు, రంగు తేడాలు పట్టిస్తాయి. పుచ్చు రంధ్రాల్లోంచి తాజా పిండి రాలుతుంటే పురుగు ఇంకా తింటోందని అర్థం.

పై పూతలో మన దేశానికీ వాటా ఉంది. 19వ శతాబ్దంలో వ్యాపించిన ఫ్రెంచ్ పాలిష్‌కు మూలం లక్క. మన అడవుల్లో లక్క పురుగు కొమ్మల మీద కట్టే ఆ బంకను శుద్ధి చేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొరగా రుద్దేవారు. దానికి వేడి గిన్నె, సారా చుక్క పడవు, తెల్లటి మచ్చ కడుతుంది. అందుకే మందపాటి గుడ్డ పరిచి వాడాలి. మచ్చలు చూసి పాలిష్ మొత్తం గీకించేస్తే తరాల చేతులు రుద్ది తెచ్చిన నిగారింపు పోతుంది, దాంతో వెల కూడా పడిపోతుంది. తేనెమైనంతో తేలిగ్గా రుద్దితే చాలు.

అంత పాతది దొరక్కపోతే 20వ శతాబ్దపు టేకు బల్లో, చక్రాల టీ ట్రాలీయో తీసుకోండి. పరీక్ష మాత్రం ఇదే. నిలబడి వడ్డించే అలవాటు మనకూ ఉంది కాబట్టి, నడుము ఎత్తు బల్ల మన ఇళ్లలోనూ పనికొస్తుంది. ముందు మీ గోడ కొలుచుకోండి, తర్వాత కొట్టుకు వెళ్లండి. కొన్నాక అలంకారానికి వదిలేయక పండగ వంటలన్నీ దాని మీంచే వడ్డించండి. చేసినవాడు దాన్ని చేసింది అందుకే.