మాంసం ముక్కకు పేరు చెప్పేదెవరు?

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ నుంచి ఇచ్ఛాపురం వైపు సాగే జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలు మార్గం తూర్పు భారతాన్ని దక్షిణాదితో కలిపే ప్రధాన దారులు. ఇలాంటి దారుల్లో సరుకుతో పాటు అడవి జంతువులు కూడా ప్రయాణిస్తాయన్నది వన్యప్రాణి నేరాలను గమనించేవారికి కొత్త సంగతి కాదు. 2019లో కోల్‌కతాలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) అధికారులు ఒక స్మగ్లర్ దగ్గరి మూడు చింపాంజీలను, నాలుగు మార్మోసెట్లను ఆస్తుల కింద జప్తు చేశారు. చింపాంజీని చూసి ఇది చింపాంజీ అని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. చిక్కంతా గోనెసంచిలో దొరికే మాంసంతో, ఎండిన తోలుతో, నాలుగు ఎముకలతో వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువులను జాతుల పేర్లతో జాబితాలు కట్టి కాపాడుతుంది. పేరు తేలనిదే నేరం ఏమిటో తేలదు. 2022లో ఆ చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చాక ఈ పేరు మరింత బరువెక్కింది. రీసస్ కోతిని రక్షిత జాబితా నుంచి తీసేశారు. దాని దగ్గరి చుట్టమైన బోనెట్ కోతి మాత్రం మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని అక్కణ్నుంచి తప్పించమని కేరళ ప్రభుత్వం కేంద్రాన్ని అడిగింది కూడా. మొదటి షెడ్యూల్ జంతువును వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. అంటే చేతిలో ఉన్న మాంసం ఒకటే రకంగా కనిపించినా, అది ఏ కోతిదన్న దాన్ని బట్టి మనిషి ఇంటికి వెళ్లడమో, ఏళ్ల తరబడి జైల్లో ఉండడమో జరుగుతుంది. అంత పెద్ద తీర్పును కంటిచూపు అంచనాకు వదిలేయకూడదన్నది నా వాదన.

బతికి ఉన్న కోతినైతే అలవాటైన కన్ను పోల్చగలదు. బోనెట్ కోతికి నడినెత్తి నుంచి జుట్టు విడిపోయి టోపీ పెట్టినట్టుంటుంది, తోక శరీరం కంటే పొడవు. రీసస్‌కు తోక పొట్టి, నడుము కింది భాగం ఇటుక రంగులో ఉంటుంది. గోదావరికి ఉత్తరాన రీసస్, దక్షిణాన బోనెట్ అని పుస్తకాలు చాలాకాలం గీత గీశాయి. ఆ లెక్కన శ్రీకాకుళం జిల్లా కోతి రీసస్. కానీ రీసస్ గుంపులు గోదావరి దాటి దక్షిణానికి వస్తున్నాయని, బోనెట్ కోతి వెనక్కి తగ్గుతోందని 2011లో మన దేశ పరిశోధకులు చూపించారు. కొండముచ్చుల కథ కూడా ఇలాంటిదే. ఒకప్పుడు దేశమంతటా ఒకటే జాతి అనుకున్నారు; ఇప్పుడు చాలా జాతులుగా విడదీశారు. ఉత్తరాది కొండముచ్చు నడిచేటప్పుడు తోకను వీపు మీదుగా తల వైపు వంచుతుంది, దక్షిణాదిది వెనక్కి వంచుతుంది. ఈ రెంటికీ హద్దు తపతి, గోదావరి నదుల ప్రాంతమే. తోక తీరును బట్టి జాతిని చెప్పే విద్య గొప్పదే. అయితే కోసిన మాంసానికి తోక ఉండదు, లారీలో దొరికిన తోలు ఏ జిల్లాదో ఎవరూ రాసిపెట్టి ఉండరు. టెక్కలి దగ్గర దొరికింది కాబట్టి టెక్కలి కోతే అయి ఉంటుందని కోర్టులో అంటే డిఫెన్స్ లాయరుకు అంతకంటే ఏం కావాలి?

ఈ ప్రశ్నకు దేశంలోనే మొదటివరసలో నిలిచే జవాబు హైదరాబాద్‌లో తయారైంది. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ కలిసి ఈ శతాబ్దం మొదట్లో సార్వత్రిక ప్రైమర్లను (వెన్నెముక జంతువుల డీఎన్‌ఏకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) రూపొందించారు. జంతు కణంలో కేంద్రకం బయట మైటోకాండ్రియా అనే భాగాల్లో కూడా డీఎన్‌ఏ ఉంటుంది. కేంద్రకంలోని డీఎన్‌ఏకు రెండే ప్రతులు. మైటోకాండ్రియా డీఎన్‌ఏకు వందలు, వేలు. అందుకే వండిన కూరలో, ఎండిన ఎముకలో, పాతబడిన తోలులో తక్కిన డీఎన్‌ఏ చెడిపోయినా ఇది కొంతైనా మిగులుతుంది. అందులోని సైటోక్రోమ్ బి జన్యువు కొన్నిచోట్ల దాదాపు అన్ని వెన్నెముక జంతువుల్లోనూ ఒకేలా, మధ్యలో మాత్రం జాతిజాతికీ వేరుగా ఉంటుంది. ఒకేలా ఉన్న చోట్ల ప్రైమర్లు అతుక్కుంటాయి, మధ్యలోని తేడా భాగం లక్షల రెట్లు పెరుగుతుంది, దాన్ని అక్షరం అక్షరంగా చదివి తెలిసిన జాతుల వరుసలతో పోలుస్తారు. ఇందులో నన్ను ఆకట్టుకునేది దీని నిష్పాక్షికత. ‘ఇది కోతిది అయి ఉంటుంది’ అని ముందే అనుకుని పరీక్ష మొదలుపెట్టనక్కర్లేదు. ఆ ముక్క మేకదైనా, దుప్పిదైనా, కొండముచ్చుదైనా పరీక్ష ఒకటే. అత్తాపూర్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ వన్యప్రాణి ప్రయోగశాలను 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. అక్కడికి ఇలాంటి నమూనాలు దేశం నలుమూలల నుంచీ వస్తాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు రైతు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతాడు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూకటివేళ్లతో పెకలించింది. తిరిగి పెంచుకున్న తోటల మీద కోతులు పడితే వాటి కోసం ల్యాబ్ ఖర్చులేమిటని అడగడం న్యాయమే. పంట నష్టానికి పరిహారం, కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ప్రభుత్వం చేయాల్సిన పనులు. వాటికి జన్యు పరీక్ష బదులు కాదు. కానీ ఈ పరీక్ష కోతిని మాత్రమే కాపాడుతుందనుకోవడం పొరపాటు. మేక మాంసంతో దొరికినవాణ్ని అడవి జంతువును చంపాడన్న అనుమానంతో రిమాండుకు పంపితే, వాణ్ని విడిపించగల బలమైన సాక్ష్యం ఇదే. తోటల్లో కోతులను తరమడానికి కొండముచ్చును పట్టి తెచ్చి కట్టేయడం మన పల్లెల్లో ఉన్నదే, అది చట్టవిరుద్ధమని చాలామందికి తెలియదు. ఆ అవసరాన్ని సొమ్ము చేసుకునే వ్యాపారి ఎక్కడ పట్టి తెస్తున్నాడో కనిపెట్టాలంటే ముందు ఆ జంతువు ఏ జాతిదో తేలాలి. ఇక రీసస్ జాబితాలో లేదు కదా, ఎవరైనా ఎగుమతి చేసుకోవచ్చా అంటే, కుదరదు. వానర జాతులన్నీ అడవి జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి లేదా రెండో అనుబంధంలో ఉన్నాయి. పైగా ప్రయోగశాలల కోసం రీసస్ కోతులను విదేశాలకు పంపడాన్ని మన దేశం 1978లోనే ఆపేసింది.

రెండో అభ్యంతరం శాస్త్రం లోపలి నుంచే వస్తుంది, అది ఇంకా పదునైనది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది. రీసస్, బోనెట్ గుంపులు కలిసే చోట సంకరం జరిగితే, పిల్ల తండ్రి ఎవరో ఆ పరీక్షకు కనిపించదు. తల్లి జాతినే పిల్ల జాతిగా చెబుతుంది. దానికితోడు మైటోకాండ్రియా జన్యువుల పాత నకళ్లు కొన్ని కేంద్రకంలో చేరి ఉంటాయి, వానరాల్లో ఇవి బాగానే ఉన్నాయి, అజాగ్రత్తగా చదివితే తప్పు వరుస వస్తుంది. అందుకని సరిహద్దు ప్రాంతపు కేసుల్లో ఒక్క సైటోక్రోమ్ బి మీద ఆధారపడి శిక్ష వేయమనడం నాకు సమ్మతం కాదు. కేంద్రక డీఎన్‌ఏ గుర్తులను కూడా చూడాలి. ‘ఇది మా దగ్గరే పుట్టిన పిల్ల’ అని పెంపకందారు చెప్పే మాటను పరీక్షించేది కూడా ఆ గుర్తులే, తల్లిదండ్రుల నమూనాలు దొరికితే. జంతువు ఏ అడవిదో చెప్పాలంటే మాత్రం ఆ అడవి జంతువుల వరుసలు ముందే చదివి పెట్టుకుని ఉండాలి.

కాశీబుగ్గ నుంచి హైదరాబాద్ సుమారు ఎనిమిది వందల కిలోమీటర్లు. అంత దూరం ఎందుకని అడిగేవారున్నారు. దూరం అసలు కష్టం కాదని నా అభిప్రాయం. గోరంత ముక్క చాలు, దాన్ని పంపడం కష్టం కాదు. కేసులు చెడేది మొదటి గంటలో. శవపరీక్ష అలవాటు కొద్దీ ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది; వేయాల్సింది గాఢమైన ఆల్కహాలులో. ఒకే కత్తితో రెండు ముక్కలు కోస్తే ఒకదాని ఆనవాలు ఇంకోదానికి అంటుతుంది. పంచనామాలో రాసిన నంబరు, సీసా మీది నంబరు కలవకపోతే ఎంత గొప్ప ల్యాబ్ రిపోర్టయినా ఎందుకూ పనికిరాదు. కాశీబుగ్గ అటవీ రేంజి ఆఫీసులో కొన్ని సీసాలు, ఆల్కహాలు, గ్లవ్స్, సీలు సామాను, వాటిని వాడడం నేర్చిన ఇద్దరు బీట్ ఆఫీసర్లు ఉంటే సగం పని అయినట్టే. మిగతా సగానికి ఈ జిల్లా కోతుల, కొండముచ్చుల మలం, రాలిన వెంట్రుకలు, రోడ్డు ప్రమాదాల్లో చచ్చిన వాటి చిన్న ముక్కలు సేకరించి, మందస కొండలవి వేరుగా, తీరపు తోటలవి వేరుగా చోటు పేరు రాసి లాకోన్స్‌కు పంపాలి. జంతువులను పట్టనక్కర్లేని పని కాబట్టి కేసు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.