బోగీ, క్యాడీ, ఆగేవాలా: గోల్ఫ్ పరిభాషలో అర్థవిపరిణామం

కీలక పదాలు: వృత్తి పదజాలం, అర్థాపకర్ష, మృత రూపకం, ఆదాన పదాలు

2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్‌లో బెంగళూరుకు చెందిన అదితి అశోక్ ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో పతకానికి దూరమై నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ ఉదయం అంతకుముందెన్నడూ గోల్ఫ్ చూడనివారు కూడా టీవీల ముందు కూర్చున్నారు. ‘పార్ కంటే పదిహేను తక్కువ’ అంటే మంచిదా చెడ్డదా అని పక్కవారిని అడిగినవారిలో నేనూ ఉన్నాను. తెలుగు పాఠకుడికి బోగీ అంటే రైలుపెట్టె. ‘క్రీడాకారిణి రెండు బోగీలు చేసింది’ అనే వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే గాని అర్థం అందదు. ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే దయ్యం ఎదురవుతుంది. పదానికి అర్థం ఇచ్చినంత మాత్రాన పరిభాష బోధపడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

బోగీ చరిత్ర పరిశీలించదగినది. 1890 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో, మంచి ఆటగాడు ఒక్కొక్క గుంతను ఎన్ని దెబ్బలలో ముగించాలో ముందే నిర్ణయించి, ఆ లెక్కతో పోటీపడే పద్ధతి మొదలైంది. కంటికి కనిపించని, ఎన్నడూ పొరపాటు చేయని ఈ ప్రత్యర్థికి అప్పట్లో ప్రచారంలో ఉన్న ఒక పాటలోని ‘బోగీ మనిషి’ పేరు అంటుకుంది. సైనికాధికారుల క్లబ్బులో అతనికి కర్నల్ హోదా కూడా దక్కింది! అంటే బోగీ మొదట ప్రమాణం. తరువాత స్టాక్ మార్కెట్ నుంచి వచ్చిన ‘పార్’ ఆ స్థానాన్ని ఆక్రమించింది. పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువైతే అది బోగీ అయింది. ప్రమాణవాచకం లోపవాచకంగా దిగజారింది. ఈ మార్పుకు కారణం భాషలో లేదు, ఆటలో ఉంది. బంతులు, కర్రలు మెరుగుపడ్డాయి. నిపుణులు పాత లెక్కను సులువుగా దాటసాగారు. అర్థాపకర్ష పాఠం చెప్పేటప్పుడు మనం తరతరాలుగా ‘కంపు’తోనే సరిపెట్టుకుంటున్నాం. పరిమళం దుర్గంధంగా ఎందుకు మారిందో విద్యార్థికి చూపించలేం. బోగీ విషయంలో కాలాన్ని, చోటును, కారణాన్ని కూడా చూపవచ్చు.

‘బర్డీ’ది వేరే దారి. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ల అమెరికా వాడుకలో ‘బర్డ్’ అంటే భేషైనది అని అర్థం. పార్ కంటే ఒక దెబ్బ తక్కువలో ముగిస్తే అది బర్డీ. ఇందులో పక్షి ప్రధానం కాదు. అయితే తరువాతివారు దాన్ని పక్షిగానే గ్రహించి రెండు తక్కువైతే ఈగిల్ అని, మూడు తక్కువైతే ఆల్బట్రాస్ అని వరుస కట్టారు. అమెరికన్లు చివరిదాన్ని ‘డబుల్ ఈగిల్’ అంటారు. రెండు రెళ్లు మూడెలా అవుతాయో వారికే తెలియాలి. ఈ వరుసను పిట్ట, డేగ అని తెలుగు చేయడం చనిపోయిన రూపకాన్ని అనవసరంగా లేపడమే. ఇటువంటి చోట పదాన్ని యథాతథంగా తీసుకుని, ‘పార్ కంటే ఒకటి తక్కువ’ అనే సంబంధాన్ని తెలుగులో చెప్పడమే సమంజసం. సంబంధం చెప్పకుండా పదాన్ని మాత్రం లిప్యంతరీకరిస్తే అది అనువాదం కాదు.

కర్రల పేర్లు ఇంతకంటే విషాదం. మాషీ, నిబ్లిక్, క్లీక్, బ్రాసీ అనే పేర్లు 1920, 30లలో నంబర్లకు చోటిచ్చి తప్పుకున్నాయి. మాషీ నేటి ఐదో నంబరు ఐరన్‌కు, నిబ్లిక్ తొమ్మిదో నంబరుకు దాదాపు సమానం. 1922లో వెలువడిన వుడ్‌హౌస్ గోల్ఫ్ కథలు నేటి ఆటగాడికే టీకాతాత్పర్యాలు లేకుండా అర్థం కావు. లీటర్లు, కిలోలు వచ్చాక సోల, తవ్వ, మానిక, కుంచం మన పిల్లలకు సామెతలలో మాత్రమే మిగిలిన తీరు ఇటువంటిదే.

ఇక క్యాడీ. ఫ్రెంచి ‘కాడె’ నుంచి స్కాట్లండ్ చేరిన ఈ మాట ఎడింబరో వీధులలో కబుర్లు, మూటలు మోసే కూలికి పేరై, ఆపై గోల్ఫ్ సంచీ మోసేవాడికి స్థిరపడింది. మన ‘కాడి’తో దీనికి చుట్టరికం లేదు, మోత తప్ప. బంతి పడే దిక్కుకు ముందుగా వెళ్లి దాని జాడ కనిపెట్టే మనిషిని ఇంగ్లీషులో ఫోర్‌క్యాడీ అంటారు. కలకత్తాలో 1829లోనే క్లబ్బు వెలసిన మన దేశంలో అతడు ‘ఆగేవాలా’. పదం ఎంత పారదర్శకమో చూడండి: ముందుండేవాడు. ఆటగాడి వైపు నుంచి తయారయ్యే పదపట్టికలలో ఇటువంటి మాటలకు చోటు తక్కువ.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటి నుంచే సేకరించింది. గోల్ఫ్‌ను శ్రీమంతుల వినోదంగా మాత్రమే చూసినంతకాలం ఆ పద్ధతి ఇక్కడ వర్తిస్తుందని మనకు తోచదు. కాని సంచీ మోసేవాడికి అది వినోదం కాదు, వృత్తి. హైదరాబాదు నయాఖిల్లా మైదానంలోనూ విశాఖపట్నంలోనూ పని ప్రారంభించవచ్చు. బంతి ఇసుకలో కూరుకుపోయినప్పుడు, ఎదురుగాలికి కర్ర మార్చి ఇచ్చేటప్పుడు, కొత్త ఆటగాడు వరుసగా గురి తప్పుతున్నప్పుడు క్యాడీలు తమలో తాము అనుకునే మాటలను ముందుగా రికార్డు చేయాలి.