పాలకు కట్టిన వెల: ‘ఆలివర్ ట్విస్ట్’, ‘ఎస్తర్ వాటర్స్’ నవలల్లో తల్లీబిడ్డల సంరక్షణ

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో నిరుపేద గర్భిణులకు పురుడు పోసిన సంస్థల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి, పన్నుల సొమ్ముతో నడిచే నిరుపేదల ఆశ్రయమైన వర్క్‌హౌస్. రెండవది, దాతల చందాలతో నడిచే ప్రసూతి వైద్యశాల. చార్లెస్ డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ (1837–39) మొదటిదానిలోనూ, జార్జ్ మూర్ ‘ఎస్తర్ వాటర్స్’ (1894) రెండవదానిలోనూ ఒక్కొక్క జననాన్ని చిత్రించాయి. ఈ నవలలను సాధారణంగా పేదరిక చిత్రణలుగా పరిగణిస్తారు. అయితే ‘పుట్టిన బిడ్డకు పాలు ఎవరివి?’ అన్న ప్రశ్నతో చదివినప్పుడు ఆయా సంస్థల స్వభావంతోపాటు నవలాకారుల దృష్టిభేదం కూడా స్పష్టమవుతుంది.

1834 నాటి పేదల చట్టం వివాహేతర సంతానపు పోషణభారాన్ని దాదాపు పూర్తిగా తల్లిపైనే మోపింది. ఆ నేపథ్యంలో వెలువడిన డికెన్స్ నవలలో తల్లి మొదటి అధ్యాయంలోనే మరణిస్తుంది. ఆమె వేలికి పెళ్లి ఉంగరం లేదన్న విషయాన్ని వైద్యుడు గమనిస్తాడు. బిడ్డకు పాలివ్వగల స్త్రీ వర్క్‌హౌస్‌లో ఎవరూ లేరని అధికారులు సమాధానమిస్తారు. దానితో ఆలివర్‌ను మిసెస్ మాన్ నడిపే శాఖకు పంపుతారు. అక్కడ ఒక్కొక్క బిడ్డకు వారానికి 7½ పెన్నీలు. అందులో అధికభాగం ఆమె సొంతానికే చేరుతుంది. అక్షరక్రమాన్ని అనుసరించి పెట్టిన ‘ట్విస్ట్’ అనే పేరులాగే ఆ పోషణ కూడా చిట్టాలో ఒక పద్దు మాత్రమే.

డికెన్స్ వ్యంగ్యం ఈ ఘట్టాల్లో అత్యంత పదునుగా ఉంది. కానీ కథ తల్లిని తిరిగి పిలిచేది ఆమె లాకెట్టు ద్వారా, చివరకు చర్చిలోని పాలరాతి ఫలకంపై చెక్కిన ‘ఆగ్నెస్’ అనే పేరు ద్వారా. సంస్థ బిడ్డను తల్లి నుండి వేరుచేసినట్లే కథనం కూడా ఆమెను స్మృతిచిహ్నంగా మార్చింది. ఆలివర్‌కు లభించిన రక్షణ వ్యక్తిగత ఔదార్యం వల్ల, వంశరహస్యం వెల్లడి కావడం వల్ల కలిగింది. అటువంటి వంశంలేని తక్కిన బిడ్డల సమస్య పరిష్కారం కాకుండానే మిగిలిపోయింది.

మూర్ నవలలో తల్లి బ్రతుకుతుంది. భేదమంతా ఇక్కడే ఉన్నది. పనిమనిషి ఎస్తర్ క్వీన్ షార్లట్స్ ప్రసూతి వైద్యశాలలో చేరడానికి చందాదారుల సిఫారసు లేఖ కోసం ఇంటింటికీ తిరుగుతుంది. పురిటినొప్పుల వేళ ఆమె చుట్టూ తినుబండారాలు నములుతూ కబుర్లాడుకునే వైద్యవిద్యార్థులు ఉంటారు. అటుపై ఆమె మిసెస్ రివర్స్ ఇంట పాలదాదిగా చేరుతుంది. తన బిడ్డను మిసెస్ స్పైర్స్ అనే కిరాయి పోషకురాలికి అప్పగిస్తుంది. ఐదు పౌన్లు ఇస్తే బిడ్డ బాధ్యత శాశ్వతంగా తీరిపోతుందని ఆ పోషకురాలు సూచిస్తుంది. ఆ మాటలోని అర్థం ఎస్తర్‌కు తెలుస్తుంది. ఇది కేవలం కల్పన కాదు: కిరాయి శిశుపోషణ మాటున జరిగిన హత్యకు మార్గరెట్ వాటర్స్‌ను 1870లో ఉరితీశారు. 1872లో శిశుప్రాణ రక్షణ చట్టం వచ్చింది.

అంతకుముందు ఆ ఇంట పాలిచ్చిన దాదుల బిడ్డలు మరణించారన్న సంగతిని ఎస్తర్ తన అనుభవంతో కలిపి చూస్తుంది. ధనికుల బిడ్డ త్రాగే పాలు పేదబిడ్డ ప్రాణానికి బదులుగా వచ్చినవని యజమానురాలి ఎదుటే నిలదీస్తుంది. చదువురాని స్త్రీ చేసిన ఈ లెక్క నవలకు కేంద్రం. డికెన్స్ నవలలో కథకుని వ్యంగ్యం చేసిన పనిని ఇక్కడ బాధితురాలి వివేకమే చేస్తున్నది.

ఉద్యోగం విడిచిన ఎస్తర్ బిడ్డతో చేరింది వర్క్‌హౌస్‌కే. ఆగ్నెస్ మరణించిన చోటువంటిదే ఎస్తర్‌కు తాత్కాలిక ఆశ్రయమైంది. ఈ దశను మూర్ క్లుప్తంగా దాటవేయడం నవలకు లోపమే. అక్కడి జీవనాన్ని విస్తరించి ఉంటే ఎస్తర్ విమర్శ ధనిక గృహాన్ని దాటి ప్రభుత్వ వ్యవస్థకు కూడా చేరేది.

తల్లిని, బిడ్డను విడివిడి పద్దులుగా లెక్కించినంతకాలం సంరక్షణ అసంపూర్ణమే. డికెన్స్ ఆ సత్యాన్ని బిడ్డ ఆకలి ద్వారా చూపాడు. దానిని తల్లి నోట పలికించి, స్త్రీని కరుణకు పాత్రురాలనే స్థానం నుండి వ్యవస్థను విమర్శించే స్థానానికి చేర్చడం మూర్ సాధించిన ప్రగతి.