తండేలు ఎవరి మనిషి? మానవ వనరుల నిర్వహణ నిర్వచనాలపై ఒక విమర్శ

పరిచయం

నియామకం, శిక్షణ, ప్రేరణ, పర్యవేక్షణ అనే నాలుగు విధులను గురించి మీరు ఇంతకు ముందు భాగాలలో విడివిడిగా చదివారు. సరైన వ్యక్తిని సరైన పనిలో సరైన సమయానికి నియమించడమే మానవ వనరుల నిర్వహణ అన్న నిర్వచనం కూడా మీకు పరిచయమే. ఈ భాగంలో కొత్త సిద్ధాంతం ఏదీ నేర్చుకోబోవడం లేదు. చదివిన సిద్ధాంతాలను మన ప్రాంతపు ఉపాధి ఒకదాని పక్కన నిలబెట్టి, అవి ఎంతవరకు సరిపోతాయో, ఎక్కడ సరిపోవో పరిశీలిస్తాం.

ఇందుకు ఎంచుకున్న ఉదాహరణ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్ళి చేసే వలస వేట. అక్కడ కార్యాలయం ఉండదు, సిబ్బంది విభాగం ఉండదు. అయినా మీరు చదివిన నాలుగు విధులూ అక్కడ ప్రతి ఏటా జరుగుతూనే ఉంటాయి.

నియామకం: ప్రకటన లేని ఎంపిక

ఆంధ్రప్రదేశ్‌లో పొడవైన తీరరేఖ ఉన్న జిల్లాలలో శ్రీకాకుళం ముఖ్యమైనది. కాని మరపడవలు నిలుపుకొనే సదుపాయాలు ఇక్కడ చాలాకాలం ఏర్పడలేదు. అందువల్ల ఎచ్చెర్ల మండలంలోని డి.మత్స్యలేశం వంటి ఊళ్ళ నుంచి, విజయనగరం జిల్లాలోని భోగాపురం, పూసపాటిరేగ మండలాల తీరగ్రామాల నుంచి పనిచేసే వయసు మగవారు పడమటి తీరానికి వెళ్తుంటారు. పడమటి తీరంలో జూన్, జూలై నెలల వేట నిషేధం ముగిశాక, ఆగస్టు ప్రాంతంలో బయలుదేరి, మళ్ళీ వేసవిలో ఇంటికి చేరుతారు.

వీరిని పనిలోకి తీసుకునేది ఎవరు? బోటు యజమాని గుజరాత్‌లో ఉంటాడు. అతనికి ఈ ఊళ్ళలో తెలిసిన మనిషి ఒక్కడే, అతనే తండేలు. తండేలు అంటే బోటు నడిపించే నాయకుడు. యజమాని ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, తన బంధువులలో, ఇరుగుపొరుగువారిలో పనివాళ్ళను కుదుర్చుకునేది అతనే. పాఠ్యపుస్తక పరిభాషలో ఇది సిఫారసు ద్వారా జరిగే నియామకం. ఖర్చు తక్కువ, సమయం తక్కువ, పైగా మనిషి గుణం ముందే తెలిసి ఉంటుంది. పుస్తకం చెప్పే ప్రయోజనాలన్నీ ఇందులో ఉన్నాయి.

పుస్తకం చెప్పనిది అడ్వాన్సు గురించి. మనం చదివిన నియామక ప్రక్రియలో జీతం పని చేశాక వస్తుంది. ఇక్కడ డబ్బు పనికంటే ముందే ఇంటికి వచ్చి, పాత అప్పుకో, ఇంటి ఖర్చుకో, పెళ్ళికో అయిపోతుంది. ఆ తరువాత మిగిలేది బాకీ. ఆ బాకీ తీరేదాకా 'ఈ పని నాకు వద్దు' అనే హక్కు పనివాడికి ఉన్నా లేనట్టే.

ఇది ఈ తీరానికి కొత్త కాదు. బ్రిటిషు పాలనలో ఇదే తీరం నుంచి వేలాది మంది రంగూన్‌కు కూలికి వెళ్ళారు. వారిని అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళి, అక్కడ పని చేయించినవాడు మేస్త్రీ. విట్లీ అధ్యక్షతన ఏర్పడి 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్, మిల్లులలో ఇలాంటి మధ్యవర్తి చేతిలో నియామకాధికారం ఉండడాన్ని తప్పుపట్టి, ఆ బాధ్యతను కార్మికాధికారులకు అప్పగించాలని సూచించింది. భారతదేశంలో సిబ్బంది నిర్వహణ చరిత్రలో ఇది ఒక మలుపు. ఆ మలుపు ఫ్యాక్టరీల దాకా వచ్చింది కాని రేవుల దాకా రాలేదు.

శిక్షణ: ఖర్చు ఎవరిది?

సంస్థ తన ఉద్యోగికి ఇచ్చే శిక్షణను పెట్టుబడిగా చూడాలని మీరు చదివారు. వెరావల్ బోట్ల మీద పనిచేసేవారికి ఆ పెట్టుబడి పెట్టింది ఎవరు? వల అల్లడం, చిరిగిన వల బాగుచేయడం, గాలినీ నీటి వాటాన్నీ చూసి వాతావరణం గ్రహించడం అన్నీ ఈ ఊళ్ళలో తండ్రుల దగ్గర, మేనమామల దగ్గర నేర్చుకున్నవే. కుర్రవాళ్ళు తరచు బోటు మీద వంటపనితో మొదలుపెట్టి, చూసి నేర్చుకుంటూ కలాసీలవుతారు. కొందరు తండేళ్ళవుతారు. ఇది నిస్సందేహంగా పనిలో ఉంటూ పొందే శిక్షణే. అయితే ఆ ఖర్చంతా కుటుంబాలది, నైపుణ్యం వల్ల వచ్చే లాభం యజమానిది. సముద్రపు సరిహద్దు రేఖ ఎక్కడుంది, పొరపాటున దాటితే ఏమవుతుంది, ప్రమాదంలో ఎవరికి కబురు చేయాలి వంటి విషయాలు ఇంట్లో నేర్పగలిగినవి కావు. యజమాని పెట్టుబడి పెట్టవలసింది సరిగ్గా అక్కడ.

ప్రేరణ: హెర్జ్‌బర్గ్ ఎవరిని అడిగాడు?

హెర్జ్‌బర్గ్ ద్వికారక సిద్ధాంతం ప్రకారం జీతం, ఉద్యోగ భద్రత, పని పరిస్థితులు అసంతృప్తిని తొలగిస్తాయేగాని ప్రేరణ కలిగించవు. గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల ప్రేరణ కలిగిస్తాయి. పరీక్షలో మీరు ఇలాగే రాస్తారు, మార్కులు కూడా వస్తాయి. కాని 1959లో ప్రచురితమైన ఆ పరిశోధనకు ఆధారం పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లు. నెల తిరిగేసరికి జీతం అందుతుందని తెలిసినవారు వాళ్ళు. వాళ్ళకు జీతం ప్రేరణ కాకపోవడంలో వింత లేదు. రోజుల తరబడి నీళ్ళ మీద ఉండి, తిరిగి వస్తామో లేదో తెలియని మనిషిని అడిగితే భద్రత ఏ జాబితాలో చేరేది?

హాథార్న్ ప్రయోగాలనూ ఇలాగే చూడండి. మనుషులపై శ్రద్ధ చూపితే ఉత్పత్తి పెరుగుతుందన్నది వాటి నుంచి మనం తీసుకున్న పాఠం. అయితే రిలే అసెంబ్లీ గదిలోని అయిదుగురు స్త్రీలలో ఇద్దరిని సహకరించడం లేదని 1928లో తీసివేసి, వేరేవారిని పెట్టారు. వేతనం లెక్కించే పద్ధతిని కూడా వారికి అనుకూలంగా మార్చారు. కార్మికులను తొలగించే అధికారం, వేతనపు లెక్క, ఈ రెండూ ఆ గదిలో ఉన్నాయి. మన సారాంశాలలో మాత్రం శ్రద్ధ ఒక్కటే మిగిలింది.

సిద్ధాంతాలు పనికిరావని దీని అర్థం కాదు. తండేలు హోదాకు ఊళ్ళో ఉన్న గౌరవాన్ని అర్థం చేసుకోవడానికి హెర్జ్‌బర్గ్ చెప్పిన గుర్తింపు, బాధ్యత అనే మాటలు ఎంతో ఉపయోగపడతాయి. కలాసీగా ఉన్న యువకుడు తండేలు కావాలని కోరుకోవడం వెనుక డబ్బు ఒక్కటే లేదు. మనం గమనించవలసిందల్లా, ఒక సిద్ధాంతం ఎవరిని అడిగి తయారైందో తెలుసుకోకుండా దాన్ని అందరికీ వర్తింపజేయకూడదని.

పర్యవేక్షణ: బాధ్యత కనిపించని చోటు

2018 నవంబరు చివరలో వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన మన ప్రాంత మత్స్యకారులను, సరిహద్దు దాటారన్న కారణంతో పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. వారిలో 20 మందిని 2020 జనవరి 6న వాఘా వద్ద భారత అధికారులకు అప్పగించారు. సుమారు 13 నెలలు వారు కరాచీ జైలులో ఉన్నారు. ఈ కాలమంతా అధికారుల చుట్టూ తిరిగి, అర్జీలు పెట్టింది ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళు. అదే ఏడాది లాక్‌డౌన్ వచ్చినప్పుడు వేల మంది తెలుగు మత్స్యకారులు వెరావల్ రేవులో బోట్ల మీదే చిక్కుకున్నారు. వారిని ఇళ్ళకు చేర్చడానికి ప్రభుత్వాలు బస్సులు ఏర్పాటు చేయవలసి వచ్చింది.

ఈ రెండు సందర్భాలలోనూ ఒక ప్రశ్న వేసుకోండి. ఈ మనుషుల యజమాని ఎవరు? చేపలు పడినంతకాలం జవాబు స్పష్టం, బోటు ఎవరిదో చేపలు వారివి. ఆపద వచ్చినప్పుడు మాత్రం కుటుంబాలు మొదట అడిగేది తండేలును. అతను తెలిసినవాడు, ఊరివాడు. కాని అతనూ అదే బోటులో ఉన్నాడు, అదే జైలులో ఉన్నాడు. యజమాని ప్రయోజనానికి, ప్రతినిధి ప్రయోజనానికి తేడా వస్తుందని నిర్వహణ శాస్త్రం హెచ్చరిస్తుంది. ఇక్కడ ప్రతినిధి అందరితోపాటు ప్రాణం పణంగా పెట్టాడు. బాధ్యత అతని మీద ఉంది, దాన్ని నెరవేర్చే వనరులు మాత్రం అతని దగ్గర లేవు.

2025 ఫిబ్రవరిలో విడుదలైన 'తండేల్' సినిమాకు ఈ నిర్బంధమే ఆధారం. మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ప్రేమ, ఎదురుచూపు, నాయకుడి తెగువ ముందుకు వచ్చాయి. అవి ప్రేక్షకుడిని కదిలించాయి. వాణిజ్యశాస్త్ర విద్యార్థిగా మీరు ఆ పేరు దగ్గరే ఆగి ఆలోచించాలి. నాయకుడి తెగువ మీద నడిచే వ్యవస్థలో యజమాని విధి ఏదన్నది అడగకుండానే కథ ముగిసిపోవచ్చు.

చట్టం ఈ ప్రశ్న అడిగింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మధ్యవర్తికి లైసెన్సు, కార్మికుడికి ఫొటోతో కూడిన పాస్‌బుక్, ప్రయాణ భత్యం ఉండాలని చెప్పింది. మధ్యవర్తి వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమానే చెల్లించాలని కూడా చెప్పింది. 2020లో ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకుంది. తండేలు చేతికి నోటిమాటతో అడ్వాన్సు అందే చోట ఈ కాగితాలేవీ పుట్టవు. కాగితం లేనప్పుడు ప్రధాన యజమాని ఎవరో నిరూపించడం కుటుంబాల పని అవుతుంది.

సారాంశం

తండేలు ఒక్కడే నియమిస్తున్నాడు, నేర్పుతున్నాడు, ఉత్సాహపరుస్తున్నాడు, పని చేయిస్తున్నాడు. నాలుగు విధులూ సజావుగా సాగుతున్నా మనుషులకు రక్షణ లేదంటే, నిర్వచనంలోనే ఒక మాట తక్కువైందన్నమాట. ఆ మాట జవాబుదారీతనం. యజమాని ఎలాగూ ఉన్నాడనుకుని పాఠ్యపుస్తకాలు ఆ మాటను విడిగా చెప్పలేదు. మన తీరంలో ముందుగా తేల్చుకోవలసింది అదే. వెరావల్‌కు బదులు మీ ఊరికి దగ్గరలోని ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీలనో, ఇటుక బట్టీల మేస్త్రీలనో తీసుకున్నా, ఈ భాగంలో వేసుకున్న ప్రశ్నలే వేసి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తండేలు ద్వారా జరిగే నియామకంలోని రెండు ప్రయోజనాలను, రెండు లోపాలను వివరించండి.
2. హెర్జ్‌బర్గ్ పరిశోధనలో పాల్గొన్నవారి వృత్తులు అతని నిర్ధారణలను ఎలా ప్రభావితం చేసి ఉండవచ్చు?
3. మీకు తెలిసిన ఒక ఉపాధిలో నియమించేవారు, జీతం ఇచ్చేవారు, ప్రమాదం జరిగితే బాధ్యత వహించేవారు ఒక్కరేనా? పరిశీలించి 20 వాక్యాలలో రాయండి.