యయాతి కథలో ముగ్గురు తండ్రులు

1956 దాకా బీదరు జిల్లాలో ఉండిన మా నారాయణఖేడ్ తెలుగు, కన్నడ, మరాఠీలు కలిసే చోటు. ఈ మూడు భాషల రచయితలూ యయాతి కథను చేపట్టారు. ఇప్పటి మా సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరులో, కుతుబ్‌షాహీల కాలంలో ఉండిన అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్రము’ను అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా దాన్ని అందరూ ఎరుగుదురు. అయితే దాని భాష గురించి జరిగినంత చర్చ కథలోని నీతి గురించి జరగలేదని నా అభిప్రాయం.

ఈ కథను పితృభక్తికి నిదర్శనంగా చెప్పటం పరిపాటి. కొడుకు ప్రేమకు పరీక్ష పెట్టిన ఈ కథ తండ్రి ప్రేమను మాత్రం పరీక్షించదు.

భారతంలో ఈ కథను మొదటినుంచీ చూస్తే ముగ్గురు తండ్రులు కనిపిస్తారు. చచ్చినవాళ్లను బతికించే మృతసంజీవని తెలిసిన శుక్రుడు తనను విడిచిపోకుండా వృషపర్వుడు కన్నకూతురు శర్మిష్ఠను దేవయానికి దాసిగా ఇస్తాడు. శుక్రుడు తన కూతురిమీది మమకారంతో ఆ దాస్యాన్ని అంగీకరిస్తాడు. ఆ మమకారంతోనే అల్లుడికి ముసలితనం శాపంగా ఇస్తాడు. యయాతి ఆ ముసలితనాన్ని దాసి కన్న పూరుడి నెత్తిన పెట్టి వెయ్యేళ్లు భోగిస్తాడు. ముగ్గురి విషయంలోనూ పెద్దల కోరికకు వెల చెల్లించింది పిల్లలే.

పూరుడు ఇష్టపడే ఇచ్చాడు కదా అనవచ్చు. కాదన్న నలుగురు అన్నలూ శాపం పొందిన తర్వాత వచ్చిన ఇష్టం అది. ఇచ్చినవాడికి రాజ్యం, ఇవ్వనివాళ్లకు శాపం అన్నచోట ఇష్టానికి విలువేమిటి? మరాఠీలో ఖాండేకర్ నవల (1959) భోగలాలసను ఎండగట్టింది. కన్నడంలో గిరీశ్ కర్నాడ్ నాటకం (1961) ఇంకో అడుగు ముందుకు వేసింది. పూరుడి భార్య చిత్రలేఖ మామ చేసిన పనిని ఒప్పుకోక ప్రాణం తీసుకుంటుంది. ఆమెను ఎవరూ అడగలేదన్న సంగతి కర్నాడ్‌కే తట్టింది.

ఇది పురాణంతో ముగిసిన ప్రశ్న కాదు. వయసును వెనక్కి తిప్పాలని కోట్లు ఖర్చు చేస్తున్న అమెరికా ధనికుడు బ్రయన్ జాన్సన్ 2023లో పదిహేడేళ్ల కొడుకు రక్తంలోని ప్లాస్మాను ఎక్కించుకున్నాడు. ప్రయోజనం కనపడలేదని తర్వాత తానే ప్రకటించాడు. ప్రయోజనం కనపడి ఉంటే? తండ్రి నీడలో ఉన్న పిల్లవాడి అంగీకారాన్ని అప్పుడు ఎవరు తూచి చూస్తారు?

ముసలి తల్లిదండ్రులను మోయటం పిల్లల బాధ్యత; దాన్ని నేను కాదనటం లేదు. కాని తమ ముసలితనాన్ని పిల్లలమీదికి దించటం వేరు. ప్రేమకు హద్దు అక్కడ ఉంది.

మా తండాలనుంచి చెరకు కోతకు వలసపోయే కుటుంబాల్లోనూ పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది. అక్కడ తీసుకునేవాడు తండ్రి కాడు. తండ్రి యౌవనాన్నీ కొడుకు యౌవనాన్నీ కలిపి పీల్చుకునే వ్యవస్థ అది. ఈ తేడా చూపలేని విమర్శ పేదవాణ్ణే యయాతిని చేస్తుంది.

పూరుణ్ణి పొగడటం చాలా జరిగింది. ‘ఇవ్వను’ అన్న యదువు పక్షాన నిలబడి ఈ కథను మళ్లీ రాయవలసిన బాధ్యత మన రచయితలమీద ఉంది.